రెండవ పిలుపు వచ్చినవారికి ఇంద్రుడు చెప్పే మాట



ఉద్యోగార్థమై వెళ్ళివచ్చిన యువకునికి "మీరు మరొకసారి రావలసి ఉంటుంది" అన్న వర్తమానం అందిన నాడు ఆ గృహంలో నెలకొనే స్థితి విచిత్రమైనది. అది విజయం కాదు, పరాజయమూ కాదు. ద్వారం తెరుచుకున్నది, ప్రవేశం మాత్రం ఇంకా లభించలేదు. మా పల్నాటి సీమలో, విశేషించి వినుకొండ పరిసర గ్రామాలలో, ఇటువంటి వర్తమానం ఒక్క వ్యక్తికే పరిమితం కాదు. మిరపతోటను, పత్తిచేనును, కౌలు బాకీని మోస్తున్న కుటుంబం మొత్తం ఆ పిలుపు కోసం ఎదురుచూస్తుంది. అందుచేత రెండవ ఇంటర్వ్యూకు ఎట్లు సిద్ధపడవలె నన్న ప్రశ్నను "ఇది లౌకిక విషయం, మనకెందుకు" అని త్రోసిపుచ్చడం ఆధ్యాత్మిక చింతన గలవారికి తగదని నా అభిప్రాయం. పురుషార్థాలలో అర్థాన్ని మన పూర్వులు ధర్మం ప్రక్కనే నిలిపారు గాని వీధిలోనికి త్రోసివేయలేదు.

సామాన్యంగా కనబడే సన్నాహాలు రెండు విధాలు. కొందరు పని దాదాపు ముగిసినట్లేనని భావించి, వినుకొండ కొండపైన రామలింగేశ్వరునికి అభిషేకం చేయించి, కోటప్పకొండ త్రికోటేశ్వరునికి తిరునాళ్ళలో ప్రభ కడతామని మ్రొక్కి, తరువాత ఊరకుంటారు. మరికొందరు మొదటిసారి చెప్పినదేదీ చాలలేదన్న భయంతో కొత్త దుస్తులు, కొత్త సమాధానాలు, కొన్ని సందర్భాలలో కొత్త అనుభవ ధ్రువపత్రాలు కూడా సమకూర్చుకుంటారు. మ్రొక్కును నేను ఆక్షేపించను. భయార్తుడు భగవంతుని ఆశ్రయించడం సహజం, ఆర్తుడు కూడా భక్తుడేనని గీతాచార్యుడే అంగీకరించాడు. శుభ్రమైన వస్త్రాన్నీ ఆక్షేపించను. కాని ఈ ఇరువురూ మరచిన విషయం ఒకటున్నది. మొదటి పరీక్ష జరిగింది. అందులో కొన్ని ప్రశ్నలు వినబడ్డాయి, కొన్ని సమాధానాలు చెప్పబడ్డాయి. ఆ విన్నదానినీ చెప్పినదానినీ తిరిగి పరిశీలించకుండా రెండవసారి వెళ్ళడం ప్రథమ పాఠాన్ని మరచి ద్వితీయ పాఠానికి కూర్చోవడమే.

మా ఊరి పేరులోనే ఈ సంగతి ఉన్నది. సీతాపహరణ వృత్తాంతాన్ని శ్రీరాముడు విన్న కొండ కనుక ఇది వినుకొండ అయినదని స్థానిక ప్రతీతి. భాషాశాస్త్రజ్ఞులు దీనిని అంగీకరిస్తారా లేదా అన్నది వేరు విచారం. స్థలపురాణాన్ని శాసనంగా చదవనవసరం లేదు. అయితే ఆ కథలో ఒక సూక్ష్మం గమనింపదగినది. విన్న చోటనే రాముడు ఆగిపోలేదు. విన్నదానిని మననం చేసుకొని, దక్షిణ దిశగా అన్వేషణ సాగించాడు. శ్రవణ మనన నిదిధ్యాసనాలు మూడని బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి బోధించాడు. ఆశ్చర్యమేమంటే ఆ మైత్రేయీ సంవాదం ఆ ఉపనిషత్తులోనే రెండవ అధ్యాయంలో ఒకసారి, నాలుగవ అధ్యాయంలో మరొకసారి, స్వల్ప భేదాలతో రెండు పర్యాయాలు కనబడుతుంది. ఒక్కసారి విన్నది చాలదని ఉపనిషత్తే ఎరుగును కాబోలు.

ఇక అసలు కథకు వస్తాను. రెండవసారి పిలువబడినవానికి మన వాఙ్మయంలో ఇంద్రుని కంటె మంచి గురువు లేడు.

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయంలోని వృత్తాంతం పాఠకులకు పరిచితమే అయినా, ఈ దృష్టితో మరల చూడండి. జరామరణ శోకాలు లేని ఆత్మను ఎరిగినవాడు సర్వ లోకాలనూ పొందుతాడని ప్రజాపతి ప్రకటించాడు. దేవతల పక్షాన ఇంద్రుడు, అసురుల పక్షాన విరోచనుడు సమిధలు చేతబూని ఆయన వద్దకు వెళ్ళారు. 32 సంవత్సరాలు బ్రహ్మచర్యంతో నివసించారు. అప్పుడు ప్రజాపతి, కంటిలో కనబడే పురుషుడే ఆత్మ అన్నాడు. నీటిపాత్రలో చూచుకొనుమన్నాడు. ఆ పిమ్మట చక్కగా అలంకరించుకొని, మంచి వస్త్రాలు ధరించి, మరల చూచుకొనుమన్నాడు. ఇద్దరూ తమ అందమైన ప్రతిబింబాలు చూచుకొని, శాంత హృదయులై వెళ్ళిపోయారు. వీరు ఎరుగకయే పోతున్నారని ప్రజాపతి వారి వీపులు చూస్తూ అనుకొన్నాడు గాని వెనుకకు పిలువలేదు.

విరోచనుడు అసురుల వద్దకు చేరి, దేహమే ఆత్మ, దేహాన్నే పూజించండని బోధించాడు. ఇంద్రుడు దేవతలను చేరకముందే త్రోవలో ఆగిపోయాడు. దేహం అలంకృతమైతే ఈ ఆత్మ అలంకృతమైనదన్నారు, అట్లైన దేహం అంధమైతే ఇదీ అంధమే, దేహం నశిస్తే ఇదీ నశించవలసినదే, ఇందులో నాకు మేలు కనబడదు అని భయపడి, సమిధలతో తిరిగి వచ్చాడు. "శాంత హృదయంతో వెళ్ళిపోయావు గదా, ఏమి కోరి మరల వచ్చావు?" అని ప్రజాపతి అడిగినప్పుడు ఇంద్రుడు ఇచ్చిన సమాధానమే మనకు ముఖ్యం. అతడు నూతన విద్య ఏదీ ప్రదర్శించలేదు. మొదటిసారి ఏమి చెప్పబడినదో యథాతథంగా చెప్పి, అది తనకు ఎక్కడ చాలలేదో చూపించాడు. "అది అట్లే" నని ప్రజాపతి ఒప్పుకొని, మరి 32 సంవత్సరాలు ఉండమన్నాడు. ఇట్లు స్వప్నాత్మ, సుషుప్తాత్మ బోధలను కూడా దాటి, చివరకు మరి ఐదేళ్ళు కలిపి 101 సంవత్సరాలు ఇంద్రుడు గురుకులవాసం చేశాడని ఉపనిషత్తు లెక్క చెబుతుంది.

గమనించండి, మొదటి పరీక్షలో అద్దమూ అలంకారమూ ఉన్నాయి. రెండవదానిలో లేవు. కోటు, టై, కరచాలనం, చిరునవ్వు, మొదటి రెండు నిమిషాలలో కలిగే అభిప్రాయం, ఇవన్నీ ప్రథమ దర్శనపు సామగ్రి. వాటి పని అయిపోయింది కనుకనే రెండవసారి పిలిచారు. విరోచనునికి రెండవ ఇంటర్వ్యూ లేదు. అతడు అడగనూ లేదు. మొదటి ప్రతిబింబంతోనే తృప్తి పొందాడు. పిలుపు రాగానే దుస్తుల దుకాణానికి పరుగెత్తేవారిని చూచినప్పుడు నాకు అతడే గుర్తుకు వస్తాడు.

లోకంలో ఇది ఎట్లు అన్వయిస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. మా ప్రాంతపు యువకుడొకడు వ్యవసాయ విద్య అభ్యసించి, ఒక విత్తన సంస్థ ఇంటర్వ్యూకు వెళ్ళాడనుకోండి. మిరపనేలలవాడు గనుక మొదటి విడతలో అతనిని నల్ల తామరపురుగు గురించి అడగక మానరు. 2021-22 పంటకాలంలో థ్రిప్స్ పార్విస్పైనస్ అనే ఆ కీటకం ఆంధ్ర, తెలంగాణ మిరపతోటలను చెరచిన తీరు ఈ సీమలో ఎవరూ మరచిపోలేదు. అది పూలలో చేరి రసం పీల్చడం, పూత రాలిపోవడం, వాడుకలో ఉన్న మందులు కొట్టినకొద్దీ అప్పు పెరిగిందే తప్ప పురుగు తగ్గకపోవడం, చివరకు కొందరు రైతులు తోటలనే పీకివేయడం అందరం చూచినవే. మన యువకుడు మొదటి విడతలో మందుల పేర్లు వరుసగా అప్పజెప్పాడు. అవి తప్పు కావు. రెండవ పిలుపు వచ్చింది. ఇప్పుడతడు మరి ఇరవై మందుల పేర్లు కంఠస్థం చేయవలెనా?

కూడదంటాను. ఆ రోజు రాత్రే ఒక కాగితం మీద, ఎవరు ఏ ప్రశ్న అడిగారు, తాను ఏమి చెప్పాడు, ఎక్కడ గొంతు తడబడింది, ఏ సమాధానం విన్నప్పుడు వారు తలెత్తి చూచారు, ఏ సమాధానం విన్నప్పుడు కాగితాల వైపు చూపు మరల్చారు, ఇవన్నీ వ్రాసుకోవలె. జ్ఞాపకం రెండు రోజులలో తనకు అనుకూలంగా మారిపోతుంది, కనుక ఆలస్యం పనికిరాదు. పిమ్మట ఇంద్రుని వలె త్రోవలో ఆగి ఆలోచించవలె: "నేను చెప్పినది నిజమే, కాని అందులో లోపమెక్కడ?" మందుల పట్టికలో లోపమేమిటంటే, అందులో తన తండ్రి పొలం లేదు. ఏ మందు కొట్టినా ఆ పురుగు ఎందుకు చావలేదు, నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె వంటివి వాడమని శాస్త్రజ్ఞులు చెప్పినప్పుడు రైతులు ఎందుకు నమ్మలేకపోయారు, అమ్మకందారు మాటకు రైతు ఎందుకు లొంగుతాడు, ఈ ప్రశ్నలకు సమాధానం పుస్తకంలో లేదు, కళ్ళం దగ్గర కూర్చున్న తండ్రి వద్ద ఉన్నది. రెండవ ఇంటర్వ్యూకు ముందు వారం ఆ యువకుడు చేయవలసిన ఉత్తమ అధ్యయనం తన తండ్రిని ప్రశ్నించి శ్రద్ధగా వినడం. ఇది నేను భావావేశంతో చెప్పే మాట కాదు. మొదటిసారి కూర్చున్నవారు విషయజ్ఞానాన్ని తూచేవారు, రెండవసారి కూర్చునేవారు సాధారణంగా అతనితో నిత్యం పని చేయవలసిన అధికారులు. ఇతనిని రైతు ముందుకు పంపితే ఏమి మాట్లాడుతాడన్నది వారి చింత.

మిర్చి యార్డు ఎరిగినవారికి ఒక పోలిక చెబుతాను. టిక్కీ మూతి వద్ద ఎర్రగా నిగనిగలాడే కాయలు పేర్చి, లోపల తాలు కాయలు కలిపితే, అనుభవజ్ఞుడైన కొనుగోలుదారు పైపైన చూచి ఊరకుండడు. చేతిని లోతుకు దూర్చి, గుప్పెడు కాయలు బయటకు తీస్తాడు. రెండవ ఇంటర్వ్యూ ఆ లోతుకు దూరిన చేయి. పైన పేర్చిన కాయలను మరింత నిగనిగలాడించడం వలన అక్కడ ప్రయోజనమేమీ లేదు. తాలు ఏరవలసినది కళ్ళంలోనే.

ఇక్కడ నేను కొంత కటువుగా మాట్లాడక తప్పదు. హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణ పొంది, లేని ఉద్యోగానుభవాన్ని రెండేళ్ళు, మూడేళ్ళు అని పత్రాలలో సృష్టించుకొని, ఆ కల్పిత సంస్థలో తాను ఏ పనులు చేశాడో కంఠస్థం చేసి వెళ్ళే పద్ధతి మన యువతలో ప్రబలి ఉన్నదన్న సంగతి అందరూ ఎరిగినదే. మొదటి విడత ఆ కంఠస్థంతో గట్టెక్కవచ్చును. రెండవ విడత కంఠస్థాన్ని చీల్చుకొని ప్రశ్నిస్తుంది: ఆ పనిలో నీవు విఫలమైన రోజు ఏది, నీ ప్రక్కన కూర్చున్నవానితో నీకు ఏ విషయంలో అభిప్రాయభేదం వచ్చింది? జరగని జీవితానికి ఇటువంటి వివరాలుండవు. దానిపై సంస్థలు పూర్వవృత్తాంత విచారణ కూడా జరుపుతాయి, చేరిన తరువాత తొలగించడం కద్దు. ఇది నీతిబోధ కంటె ముందు లోకజ్ఞానం. "అందరూ చేస్తున్నారు గదా, అప్పులున్నాయి గదా" అని తల్లిదండ్రులే ప్రోత్సహించిన సందర్భాలు విన్నాను. ఆ అప్పుల బాధను నేను తక్కువ చేయను. కాని అసత్యం మీద నిలిచిన ఉద్యోగంలో ఆ బిడ్డ ప్రతి ఉదయం ఏ ముఖంతో కూర్చుంటాడో కూడా తల్లిదండ్రులే ఆలోచించవలె. ఇంద్రునికి త్రోవలో కలిగిన భయం ఇటువంటిదే. దేహాలంకారం తొలగిన క్షణాన నశించే దానిని ఆత్మ అని ఎట్లు నమ్ముకోను అన్నదే ఆ భయం.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు మరొక భయం ఉన్నది. అది ఆంగ్ల భాష. ఈ విషయంలో ఆంజనేయస్వామి వారి సన్నాహాన్ని స్మరించవలె. సుందరకాండలో అశోకవనంలోని చెట్టుకొమ్మల నడుమ కూర్చున్న హనుమంతుడు సీతమ్మతో ఏ భాషలో మాట్లాడవలెనని దీర్ఘంగా తర్కించుకొన్నాడు. కిష్కింధాకాండలో శ్రీరాముని ఎదుట ఆయన మాట్లాడిన సంస్కారవంతమైన వాక్కు విని, వేదాలు, వ్యాకరణం బాగా అభ్యసించినవాడే ఇట్లు మాట్లాడగలడని రాముడు లక్ష్మణునితో ప్రశంసించాడు. అది మొదటి ఇంటర్వ్యూ అనుకోండి. అంతటి ప్రశంస పొందినవాడు అశోకవనంలో కూడా అదే పాండిత్యాన్ని ప్రదర్శించవచ్చును గదా? ప్రదర్శించలేదు. పండితుని వలె సంస్కృతం మాట్లాడితే తనను రావణుడే అనుకొని సీతమ్మ భయపడుతుందని ఎంచి, ఆమెకు నమ్మకం కలిగించే మానుష భాషను ఎన్నుకొన్నాడు. భాషను తన యోగ్యతను చాటుకోవడానికి కాక, వినేవారి విశ్వాసం కోసం ఎన్నుకొన్నాడన్నమాట. అర్థమయ్యే చిన్న వాక్యాలలో, నింపాదిగా, తెలిసిన ఆంగ్లంలో మాట్లాడడం చాలును. అరువు తెచ్చుకున్న ఉచ్చారణ వినేవారికి ఆ రావణ శంకనే కలిగిస్తుంది.

ఆ ఘట్టంలోనే మరొక రహస్యం ఉన్నది. హనుమంతుడు రామకథ చెప్పాడు, సీతమ్మ సంతోషించింది, ఆయన సమీపించాడు. అంతలో ఆమెకు మరల అనుమానం వచ్చింది. సన్యాసి వేషంలో మోసపోయిన ఇల్లాలికి ఆ అనుమానం సహజం. రామలక్ష్మణుల చిహ్నాలు చెప్పు, నరులకు వానరులకు స్నేహం ఎట్లు కలిగింది అని ఆమె మరల ప్రశ్నించింది. "ఇంతకుముందే చెప్పాను గదా తల్లీ" అని ఆయన విసుగుకొనలేదు. రాముని అవయవ లక్షణాలు, సుగ్రీవ మైత్రి, సముద్ర లంఘనం వరకు సర్వం క్రమంగా, మొదట చెప్పినదానికి విరోధం లేకుండా వివరించాడు. అంగుళీయకం ఇచ్చినది దాని తరువాతనే. మన పిల్లలు సామాన్యంగా ఉంగరాన్ని ముందే బల్లమీద పెడతారు. ధ్రువపత్రాల దస్త్రం విప్పి, మార్కులు, పతకాలు చూపి, ఇక మాట్లాడేదేమున్నదని కూర్చుంటారు. రెండవసారి అడిగిన ప్రశ్న మొదటిసారి అడిగినదే అయినప్పుడు చిన్నబుచ్చుకుంటారు కూడా. అదే ప్రశ్న మరల ఎందుకు అడుగుతారు? చెప్పినవాడు చెప్పినచోటనే ఉన్నాడా అని చూడడానికి. మొదటిసారి పొరబాటుగా చెప్పినది ఏదైనా ఉన్నదని మననంలో తేలితే, వారు అడగకముందే "ఆనాడు నేను ఇట్లు చెప్పాను, అది సరికాదు, సరియైనది ఇది" అని దిద్దుకోవడం కంటె నమ్మకం కలిగించే వాక్యం మరొకటి లేదు.

యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ తన మౌఖిక పరీక్షకు పెట్టిన పేరే వ్యక్తిత్వ పరీక్ష. మొత్తం 2025 మార్కులలో దానికి 275. మన తెలుగువాడు, జగిత్యాల జిల్లా మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2013 పరీక్షలో ఎంపికై భారత రెవిన్యూ సర్వీసులో చేరారు, కోరుకున్నది అది కాదు గనుక ఉద్యోగం చేస్తూనే మరల మరల వ్రాశారు. 2018 ఏప్రిల్‌లో వెలువడిన 2017 పరీక్ష ఫలితాలలో, తన ఐదవ ప్రయత్నంలో, దేశంలో ప్రథమ స్థానం పొందారు. ఆ సంవత్సరం ఆయనకు వ్రాత పరీక్షలో 950, వ్యక్తిత్వ పరీక్షలో 176 మార్కులు. 275కు 176 అన్నది కన్నులు చెదరగొట్టే అంకె కాదని పాఠకులు గమనించవలె. సభను సమ్మోహితం చేసినందువలన ప్రథమ స్థానం రాలేదు. దీర్ఘకాలపు పరిశ్రమ మీద ఆ అరగంట సంభాషణ నిలిచింది. ప్రజాపతి ఆశ్రమానికి ఇంద్రుడు ఎన్నిసార్లు తిరిగి వచ్చాడో లెక్కపెట్టినవారికి ఐదవ ప్రయత్నం వింతగా తోచదు.

గీతలోని ఫలాపేక్షారాహిత్యాన్ని ఇటువంటి సందర్భంలో అందరూ ఉటంకిస్తారు. నాకు దాని విషయంలో ఒక ఫిర్యాదు ఉన్నది. ఆ శ్లోకం మొదటి భాగాన్ని పట్టుకొని "వస్తే వస్తుంది, రాకపోతే లేదు" అని ప్రయత్నశైథిల్యానికి ఆధ్యాత్మిక వస్త్రం తొడుగుతున్నారు. అదే శ్లోకం చివర అకర్మయందు ఆసక్తి కూడదన్న నిషేధం ఉన్నది. దానిని ఎవరూ ఉటంకించరు. అంతకంటె ఈ సందర్భంలో ఎక్కువ చెప్పనవసరం లేదు.

జీతం మాట. రెండవ విడతలోనే ఆ ప్రశ్న వస్తుంది, మన పిల్లలు అక్కడే తలవంచుకుంటారు. డబ్బు గురించి మాట్లాడడం అల్పత్వమన్న సంస్కారం కొంత, అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం కొంత. యాజ్ఞవల్క్యుని చూడండి. జనకుని సభలో, కొమ్ములకు బంగారం కట్టిన వేయి గోవులను బ్రహ్మిష్ఠుడైనవాడు తోలుకొనిపోవచ్చునని రాజు ప్రకటించగా, చర్చ మొదలుకాకముందే శిష్యుని పిలిచి ఆవులను ఇంటికి తోలుమన్నాడు. నీవేనా బ్రహ్మిష్ఠుడవు అని హోత అశ్వలుడు నిలదీయగా, బ్రహ్మిష్ఠునికి మేము నమస్కరిస్తాము, మాకు కావలసినవి ఆవులు అని నిస్సంకోచంగా చెప్పాడు. ఆ తరువాత ఒక్కొక్కరికి సమాధానం చెప్పి ఆ గోవులకు తన అర్హతను నిరూపించుకొన్నాడు. హైదరాబాదులో అద్దె ఎంత, ఇంటికి పంపవలసినది ఎంత, ఆ పనికి అందరికీ ఇస్తున్నది ఎంత అని ముందుగా లెక్క కట్టుకొని, ఒక అంకె స్పష్టంగా చెప్పడంలో అధర్మం లేదు.

ఆ సభలోనే గార్గి రెండు పర్యాయాలు లేచింది. మొదటిసారి ఇది దేనియందు ఓతప్రోతమై ఉన్నది, అది దేనియందు అని ప్రశ్న మీద ప్రశ్న గుప్పించి, అతిప్రశ్న వేయవద్దని యాజ్ఞవల్క్యుడు వారించగా ఊరకుండిపోయింది. రెండవసారి లేచినప్పుడు సభవారి అనుమతి కోరి, విల్లెక్కుపెట్టిన వీరుని చేతిలోని రెండు బాణాల వలె రెండే ప్రశ్నలు తెచ్చాను అన్నది. ఆ రెండు ప్రశ్నలకు వచ్చిన సమాధానమే అక్షర పరబ్రహ్మ నిరూపణం. ఇంటర్వ్యూ చివర "మీరు ఏమైనా అడగదలచారా?" అని వారు అడిగినప్పుడు "ఏమీ లేదండీ" అనడం వినయమని మనవారు భ్రమిస్తారు. మొదటి విడతలో విన్నదాని నుండి పుట్టిన రెండు ప్రశ్నలు చాలును. ఈ ఉద్యోగంలో ఇంతకుముందున్నవారు ఎందుకు వెళ్ళిపోయారు, మొదటి ఆరు నెలలలో నా నుండి మీరు ఆశించేది ఏమి? వచ్చిన సమాధానాన్ని బట్టి ఆ ఉద్యోగం తనకు తగునా అని నిర్ణయించుకొనే హక్కు అభ్యర్థికీ ఉన్నది.

ఇంతవరకు అభ్యర్థులనే సంబోధించాను. ఈ పాఠకులలో బల్లకు ఆవలివైపు కూర్చునేవారూ కొందరున్నారని ఎరుగుదును. వారితో ఒక మాట.

మహాకవి గుఱ్ఱం జాషువా 1895లో ఈ వినుకొండలోనే జన్మించారు. ఈ ఊరి అవధాన సభలో పద్యాలు చదివినందుకు, ఇతనిని సభలోనికి ఎవరు రానిచ్చారని కులం పేరిట ఆయనను అవమానించిన ఘట్టం ఆయన జీవితచరిత్రలో ప్రసిద్ధం. 1941లో వెలువడిన గబ్బిలం కావ్యంలో, ఆలయ ప్రవేశం లేని ఒక నిరుపేద తన మొరను కాశీ విశ్వేశ్వరునికి విన్నవించుమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలానికి గుడిలోనికి అడ్డు లేదు, మనిషికి ఉన్నది. దర్శనమే దక్కనివానికి రెండవ పిలుపు ఎక్కడిది? నేడు ఆ మాట ఎవరూ బాహాటంగా అనరు. "ఇంటిపేరు ఏమిటి బాబూ? మీ నాన్నగారు ఏం చేస్తారు? మీది ఏ ఊరు, ఊళ్ళో ఎటువైపు?" అని ఆప్యాయంగా అడుగుతారు. అడిగినవారికీ, అడగబడినవానికీ అది దేనికోసమో తెలుసును. అర్హత సంపూర్ణంగా ఉండి, ఈ చివరి ఆప్యాయతతో వెనుదిరిగిన పిల్లలు మా ప్రాంతంలో ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుండి గ్రూపు సి, నాన్ గెజిటెడ్ గ్రూపు బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలనే రద్దు చేసింది. ముఖాముఖిలో సిఫారసులకు, పక్షపాతానికి ఉన్న తావు చిన్నది కాదని ఒప్పుకొన్నట్లే గదా.

ఛాందోగ్యంలోనే హారిద్రుమత గౌతముడు తన వద్దకు వచ్చిన బాలుని నీ గోత్రమేమని అడిగాడు. పలువురి ఇళ్ళలో పరిచారిక గా తిరిగిన కాలంలో నిన్ను కన్నాను, నీ గోత్రం నేనెరుగను, నా పేరు జబాల, నీవు సత్యకామ జాబాలుడవు అని తల్లి చెప్పిన మాటను ఆ బాలుడు ఒక్క అక్షరం మార్చకుండా అక్కడ చెప్పాడు. గౌతముడు మరొక ప్రశ్న వేయలేదు. సత్యం నుండి తొలగలేదు గనుక సమిధలు తెమ్మన్నాడు. ఉపనయనం చేసి, బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను వేరుచేసి, వీటి వెంట వెళ్ళుమని పని అప్పగించాడు.